పాత పికప్ వాహనాల బీడింగు పని

పాత పికప్ వాహనాల బీడింగు పని అనగా, పునరుద్ధరిస్తున్న పాతకాలపు పికప్ వాహనానికి అద్దాల చుట్టూ, తలుపుల అంచుల వెంట రబ్బరు సీళ్లను, బయటి రేకుపై లోహపు పట్టీలను తిరిగి అమర్చే పని. తెలుగు ప్రాంతపు షెడ్లలో రబ్బరు పట్టీని, అల్యూమినియం పట్టీని కూడా సాధారణంగా బీడింగు అనే పిలుస్తారు. ఇంజను పని, రేకు పని, రంగు పని ముగిశాక చివరగా వచ్చే దశ కావడం వల్ల దీనిని చాలామంది అలంకారంగా భావిస్తారు. అయితే కృష్ణా జిల్లా కృత్తివెన్ను వంటి సముద్రతీర ప్రాంతాలలో పునరుద్ధరించిన బండి ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది ఎక్కువగా ఈ పని మీదనే ఆధారపడి ఉంటుంది. సరిగా అమరని రబ్బరు వెనుక ఉప్పునీరు నిలిచి, కొత్తగా వేసిన రంగు కింద నుండే తుప్పు మొదలవుతుంది.

వాహనాలు

భారతదేశంలో పాత పికప్ అనగానే మొదట చెప్పుకోవలసినది జీపు కుటుంబం. మహీంద్రా సంస్థ 1940ల చివరలో విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో కూర్చడం ప్రారంభించింది. 1965లో తేలికపాటి వాణిజ్య వాహనాల తయారీలోకి ప్రవేశించి ఎఫ్‌సీ-150 అనే వాహనాన్ని తెచ్చింది. డ్రైవరు గది ఇంజను మీదకే ముందుకు జరిగి ఉండటం దీని ప్రత్యేకత. పూణేలోని బజాజ్ టెంపో సంస్థ (2005 నుండి ఫోర్స్ మోటార్స్) 1969లో మెటాడోర్ వాహనాన్ని విడుదల చేసింది. దీనిలో వ్యాను రకంతో పాటు వెనుక తొట్టె ఉన్న పికప్ రకం కూడా ఉండేది. ఈ పేరు తెలుగునాట ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, ఏ కంపెనీ వ్యానునైనా మెటాడోర్ అనడం పరిపాటి అయింది. 1980లలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానుకు చెందిన నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో క్యాబ్‌స్టార్ అనే తేలికపాటి ట్రక్కును తయారుచేసింది. ఆ కర్మాగారం తరువాత మహీంద్రా చేతికి వెళ్ళింది.

బీడింగు దృష్టితో చూస్తే ఈ వాహనాలన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. నేటి కార్లలో ముందు అద్దాన్ని జిగురుతో నేరుగా చట్రానికి అతికిస్తారు. పాత వాహనాలలో అద్దం రబ్బరు పట్టీలో కూర్చుని, ఆ రబ్బరు రేకు అంచును పట్టుకుని ఉంటుంది. కనుక ఇక్కడ రబ్బరు నీటిని అడ్డుకునే పనితో పాటు అద్దాన్ని మోసే పనిని కూడా చేస్తుంది.

తీరప్రాంత పరిస్థితులు

కృత్తివెన్ను మండలం బంగాళాఖాతం ఒడ్డున, కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు ముఖద్వారం దగ్గర ఉన్నది. నరసాపురం నుండి మచిలీపట్నం వైపు వచ్చే 216వ నంబరు జాతీయ రహదారి ఈ మండలం గుండా పోతుంది. రొయ్యల, చేపల చెరువులు ఇక్కడ విస్తారంగా ఉన్నాయి. ఇటువంటి చోట వాహనానికి ఉప్పు మూడు దారులలో చేరుతుంది: సముద్రపు గాలిలోని సూక్ష్మ తుంపరల ద్వారా, చెరువు గట్ల మీది తడి మట్టి ద్వారా, చేపల పెట్టెల నుండి కారే ఐసు నీటి ద్వారా.

సాధారణ ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటినప్పుడు ఆ తేమను పీల్చుకుని తానే ద్రవంగా మారుతుంది. తీరప్రాంతంలో రాత్రివేళ తేమ ఈ స్థాయిని తరచుగా దాటుతుంది. అందువలన రేకు మీద ఉప్పు పొర ఉన్న బండి వాన పడకపోయినా రాత్రంతా తడిసినట్లే ఉంటుంది. పగటి ఎండకు బయటి రేకు ఆరిపోతుంది గాని, రబ్బరు కింద ఉన్న రేకు ఆరదు. పాత బండ్లను విప్పినప్పుడు తుప్పు ఎక్కువగా ముందు అద్దం కింది మూలలలో, తలుపుల అడుగున కనిపించడానికి కారణం ఇదే.

రబ్బరుకు కూడా ఇక్కడి వాతావరణం అనుకూలం కాదు. వేసవి ఎండ, గాలిలోని ఓజోను కలిసి రబ్బరును గట్టిపరచి పగుళ్ళు తెస్తాయి. ఓజోను వలన ఏర్పడే పగుళ్ళు రబ్బరు ఏ దిశలో సాగి ఉన్నదో దానికి అడ్డంగా ఏర్పడతాయి. అందుకే మూలల వద్ద లాగి అమర్చిన పట్టీ ముందుగా చిట్లుతుంది. వీటికి తోడు వరి పండే డెల్టాలో ఊక, గడ్డి పరకలు తలుపుల లోనికి చేరి అడుగు రంధ్రాలను మూసివేస్తాయి. కోతలయ్యాక పొలాల నుండి ఇళ్ళ వైపు వచ్చే ఎలుకలు కదలకుండా నిలిపి ఉంచిన బండిలో రబ్బరును, వైర్లను కొరుకుతాయి. పునరుద్ధరణ నెలల తరబడి సాగే పని గనుక ఈ సంగతిని తేలికగా తీసుకోరాదు.

సీలు చేసే పని

సీలు నీటిని పూర్తిగా ఆపుతుందని అనుకోవడం పొరపాటు. పాత వాహనాల తలుపులలోనికి నీరు రావడం తయారీదారుకు తెలిసిన విషయమే. కిందికి దిగే అద్దం వెంట కొంత నీరు ఎప్పుడూ లోపలికి జారుతుంది. ఆ నీరు తలుపు లోపలి గోడ వెంట దిగి అడుగున ఉన్న రంధ్రాల ద్వారా బయటకు పోవాలి. పొలానికి గట్టు ఎంత అవసరమో మురుగు కాలువలోనికి తూము అంత అవసరమని డెల్టా రైతుకు వేరే చెప్పనక్కర లేదు. తలుపు సంగతి కూడా అంతే. అడుగు రంధ్రాలను మూసి, పైన ఎంత మంచి రబ్బరు వేసినా ఆ తలుపు లోపలి నుండి కుళ్ళిపోతుంది. రేకు పని చేసేటప్పుడు లప్పంతో, రంగుతో ఈ రంధ్రాలు పూడుకుపోవడం చాలా సాధారణంగా జరుగుతుంది. బీడింగు మొదలుపెట్టే ముందు వీటిని ఒక్కొక్కటిగా తీగతో పొడిచి చూడాలి.

రబ్బరు రకాలు

పాత వాహనాలలో మొదట వచ్చిన పట్టీలు చాలావరకు సహజ రబ్బరువి. సాగే గుణం, బలం దీనికి ఎక్కువ. కాని ఓజోనును, ఎండను తట్టుకోలేదు. పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. 1930ల ఆరంభంలో అమెరికాలో రూపొందిన నియోప్రీన్ ఎండను, నూనెను రెంటినీ ఓ మోస్తరుగా తట్టుకుంటుంది. 1960లలో వ్యాప్తిలోకి వచ్చిన ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు ఓజోనుకు, ఎండకు, నీటికి చక్కగా నిలుస్తుంది. నేడు తలుపులకు, అద్దాలకు వాడే పట్టీలలో అధికభాగం ఇదే. అయితే దీనికి కూడా డీజిలు, గ్రీజు పడవు. నైట్రైలు రబ్బరు ఇందుకు తలకిందులు. నూనెను తట్టుకుంటుంది, ఎండకు చిట్లుతుంది. ఇంజను భాగాలలో వాడదగినదే గాని అద్దం చుట్టూ పనికిరాదు.

రబ్బరు పట్టీకి మెరుపు రావాలని డీజిలుతోనో కిరోసిన్‌తోనో తుడవడం షెడ్లలో కనిపించే అలవాటు. ఆ పూటకు నల్లగా నిగనిగలాడుతుంది గాని, సహజ రబ్బరుకు, ఈపీడీఎంకు రెంటికీ అది హానికరమే. ఆముదం సంగతి వేరు. సహజ రబ్బరును అది పాడుచేయదు. పాతకాలపు బ్రేకు ద్రవాలలో ఆముదం ముఖ్య భాగంగా ఉండేది, ఆ బ్రేకుల సీళ్ళు సహజ రబ్బరుతో చేసినవి. అయినా తలుపు పట్టీలకు ఆముదం పూస్తే జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది కాబట్టి గ్లిజరిన్ మేలు.

పట్టీలలో రెండు తీరులు ఉన్నాయి. ముందు అద్దం పట్టీ గట్టి రబ్బరుతో ఉంటుంది. తలుపు పట్టీ స్పాంజి రబ్బరుతో, లోపల గాలి గదులతో ఉంటుంది. స్పాంజి పట్టీ తలుపు మూసినప్పుడు తన మందంలో సుమారు మూడో వంతు నొక్కుకోవాలి. అంతకంటే తక్కువైతే నీరు వస్తుంది. బాగా ఎక్కువైతే తలుపు మూసుకోదు, పట్టీ కూడా కొద్దికాలానికే అణగిపోయి తిరిగి లేవదు.

అసలు కంపెనీ పట్టీలు ఇప్పుడు దొరకడం అరుదు. ఈ ప్రాంతం వారికి వాహన సామగ్రికి పెద్ద కేంద్రం విజయవాడ ఆటోనగర్. అక్కడ గాని మరెక్కడ గాని పట్టీని అడుగుల లెక్కన కొనేటప్పుడు పేరు చెప్పి అడగడం కంటే, విప్పిన పాత ముక్కను అడ్డంగా కోసి ఆ కోత ఆకారాన్ని సరిపోల్చడం క్షేమం. పాత రబ్బరు ఏళ్ళ తరబడి కుంచించుకుపోయి ఉంటుంది గనుక దాని పొడవును కొలతగా తీసుకోరాదు. రేకు అంచు చుట్టుకొలతను దారంతో కొలవాలి.

విప్పడం

పాత పట్టీని లాగి పారేయడంతో అనేక పునరుద్ధరణలు దారి తప్పుతాయి. పట్టీ ఏ వైపు పెదవి బయటకు ఉన్నది, అతుకు ఎక్కడ వచ్చింది, క్లిప్పులు ఎంత దూరంలో ఉన్నాయి అన్నవి విప్పక ముందే ఫోటో తీసి రాసుకోవాలి. గట్టిపడిన ముందు అద్దం పట్టీని విప్పబోతే అద్దం పగిలే ప్రమాదం ఉన్నది. పట్టీ దొరికే వీలుంటే దాని బయటి పెదవిని బ్లేడుతో కోసివేసి అద్దాన్ని తీయడం మంచిది. అల్యూమినియం పట్టీలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఒక చివర పట్టి లాగకూడదు. ఒకసారి మడత పడిన పట్టీ మళ్ళీ నిటారుగా రావడం కష్టం. ప్రతి క్లిప్పు దగ్గర వెడల్పాటి చెక్క బద్దతో కొద్దికొద్దిగా లేపాలి.

రేకు అంచుల తయారీ

రబ్బరు కూర్చునే రేకు అంచు నిటారుగా, సమమైన మందంతో ఉండాలి. తుప్పు తిన్న అంచును లప్పంతో నింపి ఆకారం తేవడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద దోషం. లప్పం తేమను పీలుస్తుంది, అద్దం అదురుకు రాలుతుంది. చెడిన భాగాన్ని కోసి కొత్త రేకు వెల్డింగు చేయాలి. వెల్డింగు తరువాత అంచు మందం పెరిగితే రబ్బరు గాడిలో పట్టదు, కనుక చదునుగా రుద్దాలి.

తుప్పు గుంటలలో చిక్కిన ఉప్పు రుద్దినంత మాత్రాన పోదు. మంచినీటితో పలుమార్లు కడిగి, వెంటనే ఆరబెట్టి, ఆపై ప్రైమరు వేయాలి. తీర గ్రామాలలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కడిగి ప్రైమరు వేస్తే ఉప్పును రంగు కింద పెట్టి మూసినట్లే అవుతుంది. తాగునీటితో గాని, పంట కాలువ నీటిని తేర్చి గాని కడగాలి.

మరొక ముఖ్య విషయం: రంగు వేయక ముందే తలుపులను, అద్దాలను, కొత్త పట్టీలను ఒకసారి బిగించి చూసుకోవాలి. కొత్త పట్టీ పాతదాని కంటే మందంగా ఉండి తలుపు మూసుకోకపోతే అతుకుల సర్దుబాటు, రేకు సవరణ అప్పుడే చేయవచ్చు. రంగు వేశాక సుత్తి పట్టుకోవలసి రావడం కంటే బాధాకరం ఈ పనిలో ఇంకొకటి లేదు. ఈ పరీక్ష సమయంలో సిలికాన్ స్ప్రేలు వాడరాదు. రేకు మీద సిలికాన్ ఆనవాలు మిగిలితే వేసిన రంగు చేపకళ్ళ వంటి గుండ్రని మచ్చలుగా విచ్చుకుపోతుంది.

ముందు అద్దం

ముందు అద్దం అమర్చడానికి ఇద్దరు మనుషులు, సబ్బు నీరు, నాలుగైదు మిల్లీమీటర్ల మందం గల నైలాను తాడు కావాలి. ముందుగా రబ్బరును అద్దం చుట్టూ తొడగాలి. పట్టీ అచ్చు పోసిన వలయంగా కాక కోసిన పట్టీగా ఉంటే, చుట్టుకొలత కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువగా ఉంచి, ఆ అదనపు పొడవును చుట్టూ సర్దుతూ లోనికి నొక్కాలి. కాలక్రమేణా రబ్బరు కుంచించుకున్నప్పుడు అతుకు విడిపోకుండా ఇది కాపాడుతుంది. అతుకు మూలలో రాకూడదు.

తరువాత రేకు అంచు పట్టే గాడిలో తాడును చుట్టూ దూర్చి, రెండు కొసలు కింది భాగంలో ఒకదానిమీద ఒకటి దాటేలా లోపలివైపు వదలాలి. గాడికి సబ్బు నీరు పట్టించి, అద్దాన్ని బయటి నుండి కిటికీకి ఆనించాలి. బయట ఉన్న మనిషి అరచేతులతో సమంగా నొక్కుతుండగా, లోపలి మనిషి తాడు కొసను అద్దం మధ్య వైపుకు లంబంగా లాగుతూ పోవాలి. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి రేకు అంచును దాటి లోపలికి పడుతుంది. కింది అంచు, ఆ తరువాత పక్కలు, చివరకు పై అంచు అన్నది సాధారణ క్రమం. పెదవి ఒకచోట మొండికేస్తే అక్కడ గుద్దకూడదు. బయటి మనిషి ఆ చోటికి చేయి జరిపి నొక్కితే చాలు. రెండు పొరల లామినేటెడ్ అద్దం మూలలో దెబ్బ తగిలితే చిట్లి, ఆ గీత రోజుల తరువాత నెమ్మదిగా పాకుతుంది.

కొన్ని పట్టీల మధ్యలో సన్నని తాళపు పట్టీ ఉంటుంది. అద్దం కూర్చున్నాక దానిని ప్రత్యేకమైన కొక్కెం పనిముట్టుతో గాడిలోనికి దూరుస్తారు. అది రబ్బరును రెండు వైపులకూ తోసి అద్దాన్ని, రేకును బిగిస్తుంది. ఈ పట్టీని వేయకుండా వదిలేస్తే అద్దం నిలిచినట్లే కనిపిస్తుంది గాని గతుకుల రోడ్డు మీద నీరు లోనికి వస్తుంది.

చివరగా రబ్బరు పెదవిని చెక్క బద్దతో లేపి, రేకుకు రబ్బరుకు మధ్య గట్టిపడని మాస్టిక్ వేస్తారు. ఇక్కడ చాలామంది సులువుగా దొరికే సిలికాన్ ట్యూబును వాడతారు. పులుపు వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు వెనిగరులో ఉండే ఆమ్లాన్నే విడుదల చేస్తుంది. అది గీత పడిన రేకును తుప్పు పట్టిస్తుంది. పైగా ఒకసారి అతికితే మళ్ళీ అద్దం తీయడం దుర్లభం.

అద్దం ఎంపికలో చట్టం కూడా వస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం వాహనపు అద్దాలు సేఫ్టీ గ్లాసు అయి ఉండాలని చెబుతున్నది. ముందు, వెనుక అద్దాలలో కనీసం 70 శాతం, పక్క అద్దాలలో కనీసం 50 శాతం కాంతి ప్రసరించాలి. ఈ నియమం ఆధారంగానే 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములను నిషేధించింది. చదునైన అద్దాన్ని స్థానికంగా కోయించుకునే వీలున్నా, ఇంటి కిటికీ అద్దం వాడటం అత్యంత ప్రమాదకరం.

తలుపులు

తలుపు పని లోపలి నుండి బయటకు సాగుతుంది. మొదట అద్దం జారే చానల్. ఇది లోపల ఫెల్టు గాని, నూగు గాని అంటించిన గాడి. ఫెల్టు పోయిన చానల్‌లో అద్దం గలగలమంటుంది, ఇసుక రేణువులు చిక్కి గీతలు పడతాయి. తరువాత అద్దానికి రెండు వైపులా నడుము పట్టీలు వేయాలి. అద్దం పైకి కిందికి కదిలినప్పుడల్లా ఇవి దాని మీది నీటిని తుడుస్తాయి. ఇవి వెనక్కు, ముందుకు తారుమారైతే నీటిని బయటకు తుడవడానికి బదులు లోపలికి లాగుతాయి.

ఆపైన తలుపు లోపలి రేకుకు తేమ పొర అంటించాలి. పాత వాహనాలలో ఇది తారు పూసిన కాగితంగా ఉండేది, ఇప్పుడు మందపాటి ప్లాస్టిక్ షీటు వాడుతున్నారు. కింది అంచును లోపలి గోడ చీలికలోనికి మడవాలి. అప్పుడే దాని మీద జారిన నీరు తలుపు అడుగుకు చేరుతుంది. విప్పినప్పుడు చిరిగిపోయే ఈ షీటు ఎవరికీ కనిపించనిది కనుక తిరిగి వేయకుండా వదిలేయడం తరచుగా జరుగుతుంది. ఒక్క వానాకాలం గడిచేసరికి రెక్సిన్ ప్యాడు వెనుక అట్ట ఉబ్బి, స్క్రూలు తుప్పు పట్టి, డ్రైవరు గదిలో ముక్కిపోయిన వాసన వస్తుంది. దీని ఖరీదు మొత్తం పనిలో లెక్కలోనికి రానంత.

చివరిది తలుపు చుట్టూ వేసే స్పాంజి పట్టీ. రంగు పూర్తిగా ఆరిన తరువాతనే దీనిని అతికించాలి. పచ్చి రంగు మీద రబ్బరు బంక పూస్తే రంగు ముడతలు పడుతుంది. బంకను రేకుకు, పట్టీకి రెంటికీ పలుచగా పూసి, వేలికి అంటనంత వరకు ఆరనిచ్చి అతికించాలి. మూలల దగ్గర పట్టీని లాగకూడదు. కొద్దిగా వదులుగా లోనికి తోస్తూ పోవాలి. అతుకు కింది అంచులో వచ్చేలా చూసుకుంటే పై నుండి జారే నీరు నేరుగా దాని మీద పడదు. కొత్త పట్టీతో తలుపు కొన్నాళ్ళు బిగుతుగా ఉంటుంది. విసురుగా వేయడం కంటే రాత్రిపూట మూసి ఉంచితే పట్టీ తనంత తానే సర్దుకుంటుంది.

బిగింపును పరీక్షించడానికి కాగితపు పట్టీ చాలు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే అది కొంత బరువుగా రావాలి. ఊరికే జారివస్తే అక్కడ సందు ఉన్నట్లు. ప్రతి జానెడు దూరానికీ ఇలా చూడాలి. పట్టీకి సుద్ద రాసి తలుపు మూసినా రేకు మీద ఎక్కడ గుర్తు పడలేదో తెలుస్తుంది. సందు కనిపించిన చోట మరో రబ్బరు ముక్క అతికించడం కంటే, తలుపు బందు బోల్టులను వదులు చేసి తలుపునే సరిగా నిలపడం సరైన పద్ధతి.

లోహపు పట్టీలు

పని బండ్లు గనుక పాత పికప్‌లకు మెరుపు పట్టీలు కార్లకున్నంత ఉండవు. ఉన్న కొద్దిపాటి అల్యూమినియం పట్టీలకు తీరప్రాంతంలో ఒక చిక్కు ఉన్నది. ఉప్పునీరు తగిలినచోట అల్యూమినియం, ఉక్కు ఒకదానికొకటి తాకి ఉంటే చిన్న బ్యాటరీ వలె పనిచేసి అల్యూమినియం కరిగిపోతుంది. స్క్రూ చుట్టూ కనిపించే తెల్లని పొడి దాని గుర్తు. ఇత్తడి స్క్రూ వాడితే ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. జింకు పూత గల స్క్రూకు నైలాను వాషరు వేసి, రంధ్రపు అంచుకు రంగు పూసి బిగించడం మంచిది. క్లిప్పు కోసం చేసిన ప్రతి రంధ్రం తుప్పుకు ఒక వాకిలి. అంచున రంగు గీసుకుపోయినచోట ప్రైమరు తాకించకుండా క్లిప్పు దిగ్గొట్టరాదు.

వెనుక తొట్టె

తొట్టెకు, డ్రైవరు గదికి మధ్య ఉండే రబ్బరు దిమ్మలు అదురును ఆపుతాయి. వెనుక తలుపు గొలుసులకు తొడిగే రబ్బరు గొట్టాలు చప్పుడు రాకుండా, రంగు గీసుకుపోకుండా చూస్తాయి. ఇక్కడ నీరు ఆగకుండా సీలు చేయాలన్న ఆలోచనే తప్పు. చేపల లోడు వేసే బండి తొట్టెలో నీరు వెంటనే వెనుకకు జారిపోవాలి. పలకల మధ్య సందులను మూయకూడదు. జాగ్రత్త వహించవలసినది గది వెనుక గోడకు ఉండే చిన్న అద్దం పట్టీ విషయంలో. వైర్లు దూరే రంధ్రాలకు గ్రోమెట్లు లేకపోతే తొట్టెలోని ఉప్పునీరు సీటు వెనుకకు చేరుతుంది.

నీటి పరీక్ష

అమరిక ముగిశాక నీటి పరీక్ష చేయాలి. ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చోగా, మరొకరు గొట్టంతో మంచినీటిని కింది భాగం నుండి మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. పై నుండి మొదలుపెడితే ఎక్కడ కారుతున్నదో తేల్చలేము. నీరు బయటపడిన చోటే లోపానికి మూలం కానవసరం లేదు. కాలి దగ్గర కనిపించిన తడి పైకప్పు అతుకు నుండి స్తంభం లోపలగా దిగి ఉండవచ్చు. ప్రతి తలుపు అడుగు రంధ్రాల నుండి నీరు ధారగా బయటకు రావడం ఈ పరీక్షలో కోరదగిన ఫలితం. పొడిగా ఉన్న తలుపు అడుగును చూసి సంతోషించరాదు, నీరు లోపలే నిలిచి ఉండవచ్చు.

చీకటి పడ్డాక గది లోపల దీపం పెట్టి బయటి నుండి చూస్తే వెలుతురు చిమ్మే సందులు తెలుస్తాయి. నీటి కంటే ముందు ఈ పరీక్ష చేసుకుంటే శ్రమ తగ్గుతుంది.

సంరక్షణ

నెలకొకసారి పట్టీలను సబ్బు నీటితో తుడిచి, ఆరాక గ్లిజరిన్ పలుచగా రాయాలి. చెరువుల మీదకు వెళ్ళిన బండిని ఆ రోజే మంచినీటితో కడిగి, తలుపులు తెరిచి ఆరనివ్వాలి. ఊకతో మూసుకున్న రంధ్రాలను వానాకాలానికి ముందు, కోతల తరువాత శుభ్రం చేయాలి. బండికి ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే తేమ లోపలే చిక్కుకుంటుంది. గాలి ఆడే షెడ్డు శ్రేయస్కరం.

ఉప్పెన నీటిలోనో వరద నీటిలోనో మునిగిన బండి విషయంలో ఇవేవీ సరిపోవు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వంటివి ఈ తీరానికి తెలియనివి కావు. సముద్రపు నీరు తలుపులలోనికి, గుల్ల స్తంభాలలోనికి చేరిన బండికి పట్టీలు, ప్యాడ్లు అన్నీ విప్పి, గుల్లల లోపల మంచినీరు పట్టించి, ఆరబెట్టిన తరువాతనే తిరిగి అమర్చాలి. పట్టీలు బాగానే ఉన్నాయని వదిలేస్తే వాటి కింద ఉప్పు మిగిలిపోతుంది.

నమోదు

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాల నమోదుకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. మొదటి నమోదు జరిగి 50 ఏళ్ళు దాటిన, సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు ఇందులోకి వస్తాయి. వాహనం అసలు రూపంలో ఉండాలి, గణనీయమైన మార్పులు చేసి ఉండరాదు. వీటి నంబరులో రాష్ట్రపు అక్షరాల తరువాత వీఏ అనే అక్షరాలు ఉంటాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం, మరమ్మత్తు వంటి అవసరాలకు మాత్రమే ఇటువంటి వాహనాన్ని రోడ్డు మీదకు తీయవచ్చు. సరుకు రవాణాకు వాడరాదు.

పికప్‌ల యజమానులకు ఇది ఒక నిర్ణయాన్ని ముందుకు తెస్తుంది. సరుకు వాహనంగా నమోదైన బండి ఈ తరగతిలోనికి నేరుగా రాదు. అది రోడ్డు మీద తిరగాలంటే ఫిట్‌నెస్ పత్రం ఉండాలి. ఆ తనిఖీకి అద్దం, వైపరు, తలుపులు సక్రమంగా ఉంటే చాలు గాని పట్టీ అసలుదా కాదా అన్న ప్రశ్న రాదు. సొంత వాహనంగా నమోదైన జీపు పికప్‌ను పాతకాలపు వాహనంగా నిలపదలచినవారు మాత్రం విప్పిన క్లిప్పును, పట్టీ ముక్కను, స్క్రూను కూడా పారేయకుండా దాచుకోవడం అవసరం. దొరకని భాగాన్ని తిరిగి చేయించడానికి నమూనాగా మిగిలేది అదొక్కటే.